పగిలిందప్పా!

శేషాద్రి మాస్టారిది ఒకే ఒక్క అలవాటు. కొత్త చోట పనికి వెళ్ళారంటే సాయంత్రం లోపు అక్కడ ఏదో ఒకటి పగలగొట్టి గానీ ఇంటికి రారు. గాజుదైతే పగులుతుంది. చెక్కదైతే విరుగుతుంది. ఇనుపదైతే వంకరపోతుంది. ఏదీ అందుబాటులో లేకపోతే కనీసం తలుపు గొళ్ళెమైనా ఊడి ఆయన చేతిలోకి వచ్చేస్తుంది.

బడిపంతులికి కొత్త చోట్ల పనేమిటని మీకు అనుమానం రావచ్చు. తార్నాకలో, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, యూనివర్సిటీ ప్రహరీకి ఇవతల మా హైస్కూలు ఉంది. ఏటా నవంబరులో మా తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలు పుస్తకాలు మూసేసి, ఏదో ఒక పనిచోటికి వెళ్ళి పని నేర్చుకోవాలి. బేకరీ, ప్రింటింగ్ ప్రెస్సు, టైలరు షాపు, యూనివర్సిటీలో ల్యాబు, ఎక్కడైనా సరే. పిల్లలు దీన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. తల్లిదండ్రులు "మావాడిచేత టీలు మోయిస్తారా?" అంటారు. మా హెడ్‌మిస్ట్రెస్ కమలాదేవి మేడం "అనుభవపూర్వక విద్య" అంటారు. ఈ మూడింటికీ కలిపి ఇన్‌చార్జి శేషాద్రి మాస్టారు.

ఇన్‌చార్జి అంటే నాలుగు ఫోన్లు చేసి, నలుగుర్ని బతిమాలి, పిల్లల్ని పంపేస్తే చాలు. కానీ మాస్టారు అలా ఒప్పుకోరు. పిల్లల్ని పంపబోయే ప్రతి చోటా ముందు తానే ఒక రోజు పనిచేసి రావాలంటారు. యాభై రెండేళ్ళ మనిషి, ఫిజికల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని "పని నేర్చుకునేదానికి వచ్చినా" అంటూ షాపు ముందు నిలబడితే ఎవరు మాత్రం కాదనగలరు? సాయంత్రానికి అయ్యో కాదనుంటే బాగుండేదే అనుకుంటారు, అది వేరే సంగతి.

నేను అదే స్కూల్లో సోషల్ చెబుతాను. పేరు శశిభూషణ్, మాది ఏలూరు. ఆయనది ప్రొద్దుటూరు. పన్నెండేళ్ళుగా స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ నాది. ఆయన డబ్బాలో వచ్చే కారం దోసెల్లో సగం నావి. కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు అనే హక్కు నాకు ఉంది.

మొదట సీతాఫల్‌మండి బేకరీ సంగతి చెబుతాను. శనివారం సెలవు పెట్టి వెళ్ళారు. సోమవారం పొద్దున్నే కొడుక్కి ఉద్యోగం వచ్చినంత వెలుగుతో స్టాఫ్ రూములోకి వచ్చారు.

"పగిలిందప్పా!" అన్నారు.

"ఏం పగిలింది మాస్టారూ?"

"గుడ్లు. ఒక ట్రే. ముప్పై."

"ముప్పై గుడ్లా! ఎలా?"

"ఇట్ల ఎత్తితి. అట్ల పాయ."

"బేకరీ ఆయన ఏమన్నాడు?"

"'పోనీ సార్, కోళ్ళు రేపు మళ్ళ పెడ్తయ్' అన్నాడప్పా. తర్వాత నా పక్కనే కూర్చొని, పగలకుండా ట్రే ఎట్ల ఎత్తాల్నో నాలుగుసార్లు చూపించినాడు. మంచి మనిషి."

ఆ మాట అంటూ జేబులోంచి చిన్న డైరీ తీసి, బేకరీ పేరు పక్కన టిక్కు కొట్టారు. ఆ నవంబరులో ఇద్దరు పిల్లలు ఆ బేకరీకి వెళ్ళారు.

మరుసటి వారం అంబర్‌పేట్‌లో బైక్ మెకానిక్ షెడ్డు. ఈసారి నేనే ముందు అడిగాను.

"పగిలిందా మాస్టారూ?"

"హెడ్‌లైటప్పా. ఎవరిదో కొత్త బండి. నేనే ఇంకోటి తెచ్చి బిగించి వచ్చినాలే."

"మెకానిక్ ఏమన్నాడు?"

"మా అమ్మను, మా అమ్మమ్మను, ఆమె అక్కచెల్లెండ్లను పేరుపేరునా తలుచుకున్నాడు. మా వంశంలో అంతమంది ఆడోళ్ళు ఉండారని నాకే తెలీదు."

డైరీ తీసి ఆ షెడ్డు పక్కన పెద్ద ఇంటూ పెట్టారు. ఆ రోజు నాకు ఆయన లెక్క అర్థమైపోయింది. తిట్టనివాళ్ళకు టిక్కు, తిట్టినవాళ్ళకు ఇంటూ. పైకి ఎంత సాధువుగా కనిపించినా మాస్టారి లోపల పాముపగ ఉందని తేల్చేసుకున్నాను. సోషల్ మాస్టర్ని కదా, యుద్ధాలకు కారణాలు వెతకడం నాకు అలవాటు.

అన్నిటికంటే పెద్ద యుద్ధం తార్నాకలో సుధామయి గారి బ్యూటీ పార్లర్లో జరిగింది. ముగ్గురు ఆడపిల్లలు అక్కడికి వెళ్ళి నేర్చుకుంటామన్నారు. మాస్టారు యథాప్రకారం చొక్కా మడుచుకుని బయల్దేరారు.

"మగవాళ్ళని లోపలికి రానివ్వమండీ," అన్నారు సుధామయి గారు తలుపు సగం తెరిచి.

"నేను మగోనిగా రాలేదమ్మా, ట్రైనీగా వచ్చినా."

ఆవిడకు నవ్వు ఆగలేదు. షాపు సెలవైన మంగళవారం నాడు రమ్మన్నారు. ఆ రోజు మాస్టారు నేల ఊడ్చారు, తువ్వాళ్ళు మడతపెట్టారు, సీసాలు వరసగా సర్దారు. మధ్యాహ్నం ఇద్దరు ట్రైనీలు దారంతో కనుబొమ్మలు దిద్దడం నేర్చుకోవాలి, దానికి ముఖం దొరకలేదు. "నాది ఉండాది కదమ్మా" అని మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. ఎడమ కనుబొమ్మ పూర్తయింది. ఎలా వచ్చిందో చూసుకోమని చేతి అద్దం ఇచ్చారు. అద్దం కింద పడి ఎనిమిది ముక్కలైంది. ఆ గాజు ముక్కలు ఏరే హడావుడిలో రెండో కనుబొమ్మ ఉన్నది ఉన్నట్టుగా ఉండిపోయింది.

నెల రోజులపాటు మాస్టారిని కుడివైపు నుంచి చూస్తే ఎప్పటి శేషాద్రి మాస్టారే. ఎడమవైపు నుంచి చూస్తే పెళ్ళికి ముస్తాబైన మేనత్త. పిల్లలు ఎడమవైపు బెంచీల కోసం కొట్టుకున్నారు.

"సుధామయి గారు తిట్టారా?" అని అడిగాను.

"'పగిలిన అద్దంలో మొహం చూసుకోకండి మాస్టారూ, అసలే ఒక కనుబొమ్మ మీద ఉన్నారు' అనింది. టీ ఇచ్చింది. గాజు గుచ్చుకుందేమోనని ఆ ట్రైనీ పిల్ల చెయ్యి పట్టి చూసింది."

టిక్కు.

ఈ ధ్వంస రచన గురించి కమలాదేవి మేడానికి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. ఆవిడ ఎవరినీ గొంతెత్తి ఏమీ అనరు. చాలా నెమ్మదిగా అంటారు, అందుకే ఎక్కువ భయం.

"మాస్టారూ, మనం పిల్లల్ని పంపుతున్నామా, భూకంపాన్ని పంపుతున్నామా?"

"చేతులు మేడం..."

"చేతులకి ఏమైందండీ?"

"మా మేనమామ పోలిక మేడం."

మేనమామ మీద పెట్టేశాక ఇంక ఎవరు మాత్రం ఏమనగలరు? కానీ నిరుడు అక్టోబరులో ఆ మేనమామ కూడా కాపాడలేకపోయాడు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల మీటింగు. ఈ ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో, ఎందుకో ఇన్‌చార్జి వాళ్ళకు వివరించాలి. మాస్టారు పొద్దున్నే "యూనివర్సిటీలో చిన్న పని ఉండాది, రెండున్నరకంతా వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళారు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. ల్యాబుల్లో పగిలిన గాజు సామాన్లను మంట మీద కరిగించి అతికే చోటు అది. అప్పటికే పగిలినవి ఉండే చోట ఈయన కొత్తగా పగలగొట్టేదేముందని నేను ధైర్యంగానే ఉన్నాను.

మూడయింది. మూడున్నరయింది. హాల్లో అరవై మంది తల్లిదండ్రులు. ఒకాయన లేచి "మా అబ్బాయి ఐఐటీ కోచింగ్‌లో ఉన్నాడు, బేకరీలో ఏం నేర్చుకుంటాడు?" అన్నాడు. నాకు తోచక పారిశ్రామిక విప్లవం గురించి చెప్పాను. ఇద్దరు నిద్రపోయారు. నాలుగున్నర దాకా దేశాలన్నీ తిరిగొచ్చి, రైలు మార్గాల దగ్గర ఆగిపోయాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. చొక్కా చెయ్యి కాలి, జుట్టు చెదిరి, కళ్ళు మెరుస్తూ శేషాద్రి మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"పగిలింది మేడం!" అన్నారు, అరవై మంది ముందు.

మర్నాడు మేడం మమ్మల్నిద్దర్నీ పిలిచారు. "శశిభూషణ్ గారూ, ఈ ఏడాది ఈ పని మీరు చూసుకోండి. ఎక్కడికీ వెళ్ళొద్దు, ఏదీ ముట్టుకోవద్దు. ఫోన్లు చేయండి, అంతే," అన్నారు.

మాస్టారు మారు మాట్లాడకుండా డైరీ తీసి నా చేతిలో పెట్టారు. వరండాలోకి వచ్చాక మాత్రం ఒక మాట అన్నారు. "టిక్కు పెట్టిన చోట్లకే పంపప్పా. ఇంటూ పెట్టిన చోట్లకు పంపొద్దు."

"ఎందుకు మాస్టారూ?"

"చెప్తే నవ్వుతావులే," అని క్లాసుకు వెళ్ళిపోయారు.

మొత్తం ముప్పై ఒక్క మంది పిల్లలు. మూడో పీరియడ్ ఖాళీ, నాలుగో పీరియడ్ సగం. అంతే, పని పూర్తి. ఆయనకు మూడు నెలలు పట్టే పని నేను గంటలో, కుర్చీలోంచి కదలకుండా, ఒక్క గుడ్డు కూడా పగలగొట్టకుండా చేసేశాను. టిక్కు పెట్టిన చోట్లు చాలలేదు కాబట్టి ఇంటూల్లో కూడా మంచివి ఏరుకున్నాను. మెయిన్ రోడ్డు మీద ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది. పేరు చెప్పను. బోర్డు మాత్రం మా స్కూలు భవనం కంటే పొడుగు. లోపల ఏసీ, నేల మీద మన మొహం కనిపిస్తుంది. దాని పక్కన మాస్టారు ఒకటి కాదు, రెండు ఇంటూలు పెట్టారు. రెండోది కాగితం చిరిగేలా ఉంది. ఇక్కడ గట్టిగానే తిట్టించుకుని ఉంటారులే అని నవ్వుకుని ఫోన్ చేశాను. "ష్యూర్ సార్, పంపండి" అన్నాడు మేనేజరు.

అక్కడికి స్వాతిని పంపాను. స్వాతి మా ల్యాబుకు దీపం. పరీక్షనాళికలో చుక్కలు వేస్తుంటే పక్క పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. వాళ్ళమ్మ సోమమ్మ క్యాంపస్‌లో అమ్మాయిల హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. పదో తరగతి అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవాలని ఆ పిల్ల ఏడో తరగతిలోనే తీర్మానించుకుంది. ఆమెకు ఇంతకన్నా మంచి చోటు దొరకదని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం సోమమ్మ స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చింది. మెస్ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా పసుపు ఉంది.

"సారూ, మా పోరిని ఏడికి పంపిన్రు?"

"సెంటర్‌కే కదమ్మా. వెళ్ళడం లేదా?"

"మొన్న పోయింది, నిన్న పోయింది. ఇయ్యాల పోనంటున్నది. మూలకు కూసున్నది. బుక్కెడు తింటలేదు. నీళ్ళ గిలాస గూడ ముడ్తలేదు సారూ. నేను తాపియ్యాలె. స్టీల్ గిలాసే అది!"

ఆమె చెప్పిందంతా విన్నాను. మొదటి రోజు పొద్దున్న ఖాళీ గాజు ట్యూబుల స్టాండు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చమన్నారట. చెయ్యి జారి ఆరు ట్యూబులు పగిలాయి. మేనేజరు స్వాతిని బయటికి తీసుకొచ్చి రిసెప్షన్‌లో నీళ్ళ క్యాను పక్కన నిలబెట్టాడు. వచ్చే ప్రతి పేషెంటుకీ చూపించి "చూసి నడవండి, ఈ అమ్మాయి పగలగొట్టింది" అని చెప్పాడు. సాయంత్రం దాకా. రెండో రోజు వెళ్తే "నువ్వు ఏదీ ముట్టుకోకు" అని మళ్ళీ అక్కడే నిలబెట్టాడు.

"నా చేతులు మంచిగ లెవ్వు, ల్యాబ్ కోర్సు నాకొద్దు అంటున్నది సారూ," అంది సోమమ్మ.

శేషాద్రి మాస్టారు పక్క కుర్చీలో పేపర్లు దిద్దుతున్నారు. పెన్నుకు మూత పెట్టి లేచారు. "పదప్పా," అన్నారు. అంతే. 'నేను ముందే చెప్పినా కదా' అంటారేమోనని సీతాఫల్‌మండిలో వాళ్ళ ఇంటి దాకా ఆటోలో ఎదురు చూశాను. అనలేదు. అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మేడ మీద రెండు గదుల ఇల్లు. స్వాతి గోడకు ఆనుకుని, చేతులు రెండూ చున్నీ కింద దాచుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది కానీ చేతులు బయటికి తియ్యలేదు. మాస్టారు చాప మీద కూర్చున్నారు.

"ఎన్ని పగిలినాయమ్మా?"

"ఆరు సార్."

"ఆరా! నేను ఆడికి పోయినప్పుడు ఒక్కటే పగలగొట్టినా. నన్ను మించిపోతివే!"

స్వాతి తలెత్తింది. "మిమ్మల్ని గూడ నిలబెట్టిన్రా సార్?"

"రెండు గంటలు. అదే నీళ్ళ క్యాను పక్కన. దాహమైతే మాత్రం సౌకర్యంగా ఉంటాది ఆ చోటు."

ఆ పిల్ల పెదవి చివర కొంచెం కదిలింది. తర్వాత ఏదో లెక్క వేస్తున్నట్టు ఆయన వంక చూసింది.

"సార్, మన ల్యాబ్ల మీరు ఒక్కటి గూడ పగలగొట్టలే. పోయిన ఏడు గాజు బ్యూరెట్ టేబుల్ మీదికెళ్ళి పడుతుంటే గాల్లనే పట్టుకున్నరు. మరి బయటికి పోయినప్పుడే ఎట్ల పగుల్తయ్ సార్?"

పన్నెండేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని, దోసెలు తిని, నాకు ఒక్కసారి కూడా రాని ప్రశ్న అది.

మాస్టారు చెవి గోక్కున్నారు. కిటికీ వైపు చూశారు. "అది... ఊరికే అమ్మా..."

"కావాలనే పగలగొడ్తున్నరా సార్?"

"ఏందీ! కావాల్నని పగలగొట్టుడా?" అంది సోమమ్మ.

ఆ పిల్లకు చెప్పడానికి సిగ్గేసిందేమో, మాస్టారు నా వైపు తిరిగారు. "చూడప్పా శశీ. అంతా బాగున్నప్పుడు అందరూ మంచోళ్ళే. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, ష్యూర్ సార్ అంటారు. పద్నాలుగేండ్ల పిల్ల పోతే మొదటి రోజు ఏమైతాది? చెయ్యి జారతాది. జారినప్పుడు వాళ్ళు ఏమి చేస్తారనేది కదా మనకు తెలియాల్సింది? అది ఫోన్లో అడిగితే చెప్తారా? అందుకని ముందు నేను పోయి జార్చి వస్తా. తిట్లు నాకు పడితే ఏమైతాది? పెండ్లయి పాతికేండ్లాయ, అలవాటైపోయింది."

నేను సంచిలోంచి ఆయన డైరీ తీసి తిరగేశాను. పాముపగ అనుకున్న ఇంటూలన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందు తిరిగాయి.

"నాకూ అయిందిలే అమ్మా," అన్నారాయన ఈసారి స్వాతితోనే. "నీ వయసులో ఎండాకాలం సెలవుల్లో మా నాయన నన్ను వాచీలు బాగుచేసే షాపులో పెట్టినాడు. గడియారమంటే ప్రాణం నాకు. రెండో రోజు ఒక వాచీ అద్దం పగలగొట్టినా. ఆయన వచ్చినోళ్ళందరికీ నన్ను చూపించి చెప్పినాడు. మూడు రోజులు విన్యా. ఐదో రోజు పోలా. ఇంగ ఎప్పుడూ పోలా."

మా మొహాలు చూసి మాస్టారే మళ్ళీ అందుకున్నారు.

"ప్రొద్దుటూరుకు మాత్రం మంచే జరిగింది. నేను వాచీలు బాగుచేసింటే ఆ ఊర్లో ఒక్కడైనా టైముకు బస్సు ఎక్కింటాడా?"

స్వాతి నవ్వింది. సోమమ్మ ఇదే అదనని ఇంత అన్నం కలిపి తెచ్చింది.

మర్నాడు పొద్దున్న నలుగురం యూనివర్సిటీ షెడ్డుకు వెళ్ళాం. సోమమ్మ మెస్‌కు ఆలస్యమవుతుందంటూనే వచ్చింది. గాజు అతికే ఆయన పేరు రాంచందర్. కళ్ళకు నల్ల అద్దాలు, ముందు బుసబుసమని నీలం మంట, చుట్టూ తట్టల నిండా పగిలిన ఫ్లాస్కులు.

"వచ్చినవా సారూ!" అన్నాడు మంట తగ్గించి. "ఇయ్యాల ఏం పగలగొడ్తవ్?" తర్వాత నా వైపు తిరిగి, "గీ సారు మొన్న నా కండెన్సర్ గొట్టం పగలగొట్టిండు. పోనీ తియ్యి, నువ్వే అతికియ్యి అని స్టూలేసి కూసోబెట్టిన. నాలుగు దాటింది, ఇడిస్తెనా! ఏదో మీటింగ్ ఉన్నదని యాదికొచ్చి గప్పుడు ఉరికిండు."

"ఈరోజు నేను కాదప్పా, ఈ పాప," అన్నారు మాస్టారు.

స్వాతి చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రాంచందర్ ఆమెను ఒక్క క్షణం చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. పొడుగాటి గాజు గొట్టం ఒకటి, చిన్న ఆకురాయి ఒకటి తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"దీన్ని పగలగొట్టు బిడ్డా."

"నేనా?"

"మరి నేనా? ఈడ ముందుగాల పగలగొట్టుడే నేర్వాలె. సక్కగ పగిలితెనే సక్కగ అతుకుతది. ఆకురాయితోని గీత గియ్యి. గా గీతకు అటు ఇటు బొటనవేళ్ళు పెట్టు. ఇగ విరువు."

స్వాతి వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ మాస్టారి వైపు చూసింది. మాస్టారు పైన రేకుల్లో చిల్లులు లెక్కపెడుతున్నారు. స్వాతి చేతులు ముందుకు తెచ్చింది. మొదటిది వంకరగా విరిగింది.

"మంచిగనే ఉన్నది. ఇంకోటి పట్టు," అన్నాడు రాంచందర్.

రెండోది పళ్ళు పళ్ళుగా విరిగింది. మూడోది మూడు ముక్కలైంది. ప్రతిదానికీ ఆయన మాట ఒకటే, ఇంకోటి పట్టు. ఏడోది మాత్రం టిక్కుమని, కత్తితో కోసినట్టు తిన్నగా విడిపోయింది. స్వాతి ఆ అంచు మీద వేలు పెట్టబోతే రాంచందర్ చెయ్యి పట్టి ఆపాడు. ఆమె దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"పగిలింది సార్!" అని అరిచింది.

సోమమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "గాజు పగిలితే గింత సంబురమేందో, మీ సదువులు నాకు సమజ్ కావు," అంటూ మెస్‌కు వెళ్ళిపోయింది. ఆ రెండు వారాల్లో మిగిలిన రోజులన్నీ స్వాతి అక్కడికే వెళ్ళింది. మిగతా పిల్లల్లో ఇంటూ చోట్లకు పంపిన ఐదుగుర్ని నేను ఆ సాయంత్రమే వెనక్కి పిలిచి, ఇంకొకర్ని చేర్చుకోమని బతిమాలి టిక్కు చోట్లకు మార్చాను. ఫోన్లో కాదు, కాళ్ళు నొప్పులు పుట్టేలా తిరిగి.

అంతా అయ్యాక మేడం దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి, జరిగింది మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ అక్కడికక్కడే సెంటర్‌కు ఫోన్ చేశారు. చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా నాలుగు నిమిషాలు మాట్లాడారు. అవతల మేనేజరు ఏ క్యాను పక్కన నిలబడి విన్నాడో తెలీదు గానీ, సాయంత్రానికి అతనే స్కూలుకు వచ్చి, స్వాతి ఇంటి దారి అడిగి, వెళ్ళి క్షమాపణ చెప్పాడు.

మర్నాడు మేడం మా ఇద్దర్నీ పిలిచారు. మాస్టారు అలవాటు ప్రకారం "చేతులు మేడం..." అని మొదలుపెట్టారు.

"మీ మేనమామని కాసేపు వదిలేయండి మాస్టారూ. నాకో సంగతి చెప్పండి. పదహారేళ్ళ కిందట మీరు ఈ స్కూల్లో చేరిన రోజు, ఇదే గదిలో, ఇదే టేబుల్ మీది నుంచి నా గ్లోబు కింద పడేశారు. సముద్రాలు ఒకవైపు, ఖండాలు ఒకవైపు అయ్యాయి. అది పొరపాటేనా?"

మాస్టారు నేల వైపు చూశారు. ఫ్యాను వైపు చూశారు. సాయం కోసం నా వైపు చూశారు. నేను గోడ మీది భారతదేశ పటాన్ని శ్రద్ధగా చదువుతున్నాను.

"నిజం చెప్పండి."

"చిన్న పరీక్ష మేడం."

"నేనేమన్నానో గుర్తుందా?"

"మరిచిపోతానా మేడం? 'కాలి మీద పడలేదు కదా మాస్టారూ?' అన్నారు. ఆ పొద్దే మా ఇంటామెకు ఫోన్ చేసి, సామాన్లు సర్దుకో, ఈ స్కూల్లో ఉండొచ్చు అని చెప్పినా."

మేడం కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నాక గొంతు ఎప్పటి నెమ్మదికి వచ్చింది.

"అయితే పాసయ్యానన్నమాట."

"ఫస్ట్ క్లాస్ మేడం."

"ఆ డైరీ ఆయనకి ఇచ్చేయండి శశిభూషణ్ గారూ. వచ్చే ఏడాదికి ఇప్పటి నుంచే మొదలుపెట్టుకుంటారు."

నేను సంతోషంగా ముందుకు వంగి డైరీ అందించబోయాను. నా మోచెయ్యి దేనికో తగిలింది. టేబుల్ మీదున్న గాజు పేపర్‌వెయిట్, కోడిగుడ్డంత లావుది, దొర్లుకుంటూ అంచు దాటింది. మాస్టారు గాల్లోనే పట్టుకునేవారు గానీ, టేబుల్‌కు అటువైపు ఉన్నారు, అందలేదు.

"కాలి మీద పడలేదు కదా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పడింది," అన్నాను నేను, ఒంటికాలి మీద గెంతుతూ.